ఖాళీగా తిరిగి రాని పళ్లెం

ఆ రోజుల్లో ఐర్లండ్‌లో ఏ ఇంటి తలుపు తట్టినా లోపల గోడకు ఆనించిన సూట్‌కేసు ఒకటి కనిపించేది. అది వచ్చినవాళ్లది కాదు, వెళ్లబోయేవాళ్లది. ఇప్పుడు ఎవరైనా మాంద్యం అంటే మా పిల్లలు రెండువేల ఎనిమిది కబుర్లు చెబుతారు, ఇళ్ల ధరలు ఎలా పడిపోయాయో చెబుతారు. నాకు ఆ మాట వింటే 1986 గుర్తొస్తుంది. అప్పుడు పడిపోవడానికి కూడా పెద్దగా ధరలు ఉండేవి కావు. వయసులో ఉన్నవాళ్లు పడవ ఎక్కి ఇంగ్లండు పోయేవాళ్లు, మిగిలినవాళ్లు కిటికీ దగ్గర కూర్చుని వాన చూసేవాళ్లు. ఆ వానలోకి మేము గుంటూరు నుంచి వచ్చి పడ్డాం. పోర్ట్‌లీష్ అనే ఊళ్లో దిగింది ఆ ఏడాది జనవరిలో. (మావారు బతికున్నంతకాలం ఫిబ్రవరి అని వాదించారు. పాస్‌పోర్టు మీద ముద్ర చూపించినా ఒప్పుకునేవారు కాదు. ముద్ర వేసినవాడు పొరపాటు పడి ఉంటాడనేవారు.) ఆయనకు ఆస్పత్రిలో డాక్టరుగా ఆరు నెలల ఉద్యోగం, ఆ తర్వాత మళ్లీ ఆరు నెలలు, ఆ తర్వాత దేవుడెరుగు. నాకు బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ ఉంది, గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో రెండేళ్లు పాఠాలు చెప్పిన అనుభవం ఉంది, ఉద్యోగం మాత్రం లేదు. ఆ ఊళ్లో ఎవరికీ లేదు కాబట్టి దాన్ని అవమానంగా తీసుకునే అవకాశం కూడా లేకపోయింది.

మేము అద్దెకున్నది ఒక కుటుంబం ఇంటి వెనక భాగంలో. మా వంటింటికీ వాళ్ల వంటింటికీ మధ్య చిన్న పెరడు, పెరట్లో బట్టలు ఆరేసే తీగ, తీగ మీద ఏనాటికీ ఆరని దుప్పటి. ఇంటావిడ పొట్టిగా, గట్టిగా, ఎప్పుడూ చేతులు పిండిలో ఉన్నట్టుండే మనిషి. ఆవిడ భర్తను నేను మనసులో పెద్దాయన అనుకునేదాన్ని. ఊళ్లో ఫ్యాక్టరీ మూతపడినప్పుడు ఆయన నోరు కూడా దానితోపాటే మూతపడిందని ఇంటావిడ చెప్పింది. రోజంతా పొయ్యి పక్కన కుర్చీలో కూర్చునేవాడు. కాళ్ల దగ్గర సన్నగా, బూడిదరంగులో, పరుగుపందేల నుంచి రిటైరైన ఒక కుక్క. మాట్లాడితే దానితోనే మాట్లాడేవాడు. పెద్దకొడుకు లండన్‌లో ఇళ్లు కట్టే పనిలో ఉన్నాడు, రెండోవాడు బోస్టన్‌లో ఏం చేస్తున్నాడో ఎవరూ అడగరు. ఇంట్లో మిగిలింది ఆఖరి పిల్ల. జుట్టు రాగి చెంబు తోమినట్టు మెరిసేది, దాన్ని ఒకటే జడగా వేసుకునేది. ఎర్రజడ అని నేను పెట్టిన పేరు. పక్క జిల్లాలో టెక్నికల్ కాలేజీలో ల్యాబు పని నేర్చుకునే కోర్సు చదువుతుండేది.

మేము దిగిన రెండోరోజు ఇంటావిడ నీలం అంచున్న పింగాణీ పళ్లెంలో సోడా బ్రెడ్ పెట్టి, పైన గుడ్డ కప్పి తెచ్చింది. "ఏం లేదు, ఎలాగూ పొయ్యి వెలిగించాను కదా" అంది. ఇక్కడివాళ్లు ఏదిచ్చినా ఇచ్చినట్టు కనపడకుండా ఇస్తారు. రొట్టె తిన్నాం. పళ్లెం కడిగాను, తుడిచాను, పెరట్లోకి ఒక కాలు పెట్టి ఆగిపోయాను. పక్కింటివాళ్ల గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని మా అమ్మ నాకు నడకతోపాటే నేర్పింది. ఇంట్లో ఇంకేమీ లేకపోతే ఆవిడ చెంచాడు పంచదారైనా వేసేది. పంచదార కూడా లేని రోజున గిన్నె ఇచ్చేదే కాదు, మర్నాటిదాకా దాచేసేది. అందుకని నేను వెనక్కి తిరిగి, గుంటూరు నుంచి తెచ్చుకున్న చింతపండు తీసి, పులిహోర కలిపాను. ఆవాలు చిటపటలాడుతుంటే ఇంటావిడ పెరడు దాటి పరిగెత్తుకొచ్చింది, కరెంటు తీగ కాలిపోతోందనుకుని. కాదని చెప్పి పళ్లెం చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని చూసి, నన్ను చూసి, "అయ్యో, మీరు ఇలా చెయ్యక్కర్లేదు" అంది. మర్నాడు పొద్దున అదే పళ్లెంలో ఆపిల్ టార్ట్ వచ్చింది. ఆవిడకు కూడా ఒక అమ్మ ఉండి ఉంటుందని, ఆ అమ్మ కూడా ఈ పాఠమే చెప్పి ఉంటుందని నాకు అప్పటిదాకా తట్టలేదు.

ఇక ఆ పళ్లెం ఆగలేదు. టార్టుకు బదులు దద్దోజనం వెళ్లింది, దద్దోజనానికి బదులు స్కోన్లనే చిన్న గుండ్రటి రొట్టెలు వచ్చాయి, స్కోన్లకు బదులు గారెలు వెళ్లాయి. వాళ్ల పెరట్లో రూబార్బ్ అనే ఎర్రటి పుల్లటి కాడలు పెరిగేవి. దానితో ఆవిడ జామ్ చేసి పంపితే, నేను అవే కాడలతో గోంగూర లేని లోటు తీరేలా పచ్చడి నూరి పంపాను. ఆవిడ దాన్ని కూడా జామ్ అనుకుని రొట్టె మీద రాసుకుందట. ఆ మధ్యాహ్నం వాళ్ల వంటింట్లోంచి దగ్గు వినిపించింది, ఫిర్యాదు మాత్రం రాలేదు. రెండిళ్లలోనూ అప్పుడు తిండికి కరువు లేదు గానీ విందులు చేసుకునే రోజులు మాత్రం కావు. అయినా ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. నాకు ప్రతిదీ ఎక్కడో ఒకచోట సరిసమానమై ముగియాలి. మడతపెట్టిన చీర అంచులు కలవకపోతే మళ్లీ విప్పి మడతపెట్టే మనిషిని. అలాంటిది ఈ పళ్లెం విషయంలో మాత్రం ప్రతి సాయంత్రం లెక్క మళ్లీ మొదటికే వచ్చేది. మావారు ఆస్పత్రి నుంచి వచ్చి బల్ల మీద చూసేవారు. "ఏమోయ్, ఇవాళ బంతి ఎవరి వైపుంది?" అనేవారు. ఒకరోజు బాగా అలిసిపోయి ఉన్నారేమో, "ఈ పళ్లెం ఆగాలంటే మీ ఇద్దరిలో ఒకరు పోవాలి" అన్నారు. నేను కోప్పడ్డాను.

జూన్ చివర్లో పళ్లెంతోపాటు ఇంటావిడ లోపలికి వచ్చి కూర్చుంది. అంతకుముందెప్పుడూ గడప దగ్గరే నిలబడి వెళ్లిపోయేది. "మీరు సైన్సు చదువుకున్నారని డాక్టరుగారు అన్నారు" అంది. అవునన్నాను. "నేనేమీ అడగడం లేదు. ఊరికే అంటున్నాను, అంతే" అంది. వాన గురించి కాసేపు మాట్లాడాం. ఆ తర్వాత, కిటికీలోంచి దుప్పటి వైపు చూస్తూ, "మా అమ్మాయికి ఆ కెమిస్ట్రీ పరీక్ష పోయింది. బయో అనేది. ఆగస్టులో మళ్లీ ఉందట. పాసైతే ఆస్పత్రి ల్యాబులో శిక్షణకు చోటు ఇస్తామన్నారు. పోతే కూడా గ్రాండే, ఏం పర్వాలేదు. లండన్‌లో మేనత్త ఉంది, హోటల్లో దుప్పట్లు మార్చే పని చూసిపెట్టింది" అంది. ఆ ఊళ్లో గ్రాండ్ అనే మాటకు బాగుంది అని అర్థమని నాకు చెప్పారు. కానీ ఆవిడ గ్రాండ్ అన్నప్పుడల్లా ఆ ఇంట్లోంచి ఏదో ఒకటి పోయి ఉండేది. ఇద్దరు కొడుకులు వెళ్లినప్పుడు కూడా అదే అన్నదట. నేను, "రేపు మూడు గంటలకు పంపండి. మూడంటే మూడు" అన్నాను.

ఎర్రజడ మూడుంపావుకి వచ్చింది. (చెప్పాను, మర్నాటి నుంచి సరిగ్గా వచ్చింది.) పోయిన పరీక్షలో వచ్చిన ప్రశ్న అడిగాను. కోఎంజైమ్ అంటే ఏమిటి, ఒక ఉదాహరణతో దాని ఉపయోగం చెప్పు.

"ఎంజైమ్‌కు సహాయపడేది" అంది.

"తర్వాత?"

"అంతే."

"సహాయపడేది అంటే అర్థం చెప్పినట్టు కాదమ్మా. నేను మీ అమ్మకు ఆరేసిన బట్టలు లోపలికి తేవడానికి సహాయపడతాను. నేను కోఎంజైమ్‌నా?"

ఆ పిల్ల నా వైపు నిజంగానే ఆలోచిస్తున్నట్టు చూసింది. గుంటూరు పద్ధతిలో మొదలుపెట్టాను. నిర్వచనం నేను ఒకసారి చెప్పడం, ఆమె నాలుగుసార్లు అప్పజెప్పడం. ఉదాహరణగా చెప్పాల్సిన కోఎంజైమ్ పేరును, నికోటినమైడ్ ఎడినైన్ డైన్యూక్లియోటైడ్ (పొట్టిగా ఎన్.ఎ.డి.) అని, ఆమె వాళ్ల చర్చిలో ప్రార్థన చదివినట్టు చదివేది. అక్షరం తప్పు పోయేది కాదు, అర్థం ఒక్కటీ లోపలికి వెళ్లేది కాదు. వారం గడిచింది. ఒక మధ్యాహ్నం ఆమె పుస్తకం మూసేసి, "మిసెస్ డాక్టర్, మీరు మంచివారు. కానీ నేను దుప్పట్లు మార్చడం బాగానే చేస్తాను లెండి" అంది. కళ్లలో నీళ్లు లేవు. అలవాటైన మాట చెబుతున్నట్టు చెప్పింది. అదే నాకు బాధనిపించింది.

బల్ల మీద ఆ రోజు వచ్చిన పళ్లెం ఉంది. దాన్ని తీసి ఆమె ముందు పెట్టాను. "ఇదే కోఎంజైమ్" అన్నాను. "ఎంజైమ్ అంటే వంటింట్లో నిలబడి వండే మనిషి. మనం తిన్నదాన్ని ముక్కలు చేస్తూ అందులోంచి హైడ్రోజన్ తీస్తుంది. తీసినదాన్ని చేత్తో పట్టుకుని నిలబడితే తర్వాతి పని ఎవరు చేస్తారు? నేల మీద పారబోయడానికి లేదు. ఒక పళ్లెం కావాలి. ఆ పళ్లెమే నీ ఎన్.ఎ.డి. ఇక్కడ హైడ్రోజన్ పెట్టించుకుంటుంది, పెరడు దాటుతుంది, ఆక్సిజన్ ఉండే వంటింట్లో దింపుతుంది. అక్కడ దాంతో ఒంటికి శక్తి వస్తుంది. పళ్లెం మళ్లీ ఇక్కడికి వస్తుంది. అది ఖర్చవదు, తిరుగుతుంది. దాని పేరులో మొదటి ముక్క నియాసిన్ అనే విటమిన్ నుంచి వచ్చింది. విటమిన్లు తింటే బలమని అందరూ అంటారు. విటమిన్ బలాన్ని ఇవ్వదు, పళ్లేన్ని ఇస్తుంది."

ఎర్రజడ వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. "పళ్లేలు ఎన్ని ఉంటాయి?"

"ఆ ప్రశ్న అడిగావు చూడు, అదీ. చాలా కొద్ది. అందుకే ప్రతి పళ్లెమూ ఖాళీ అయి తిరిగి రావాలి. రాకపోతే ఇక్కడ వంట ఆగిపోతుంది."

"ఖాళీగానా?" అని నవ్వింది. అంతకుముందు ఆమె నవ్వడం నేను చూడలేదు. "ఈ ఇంట్లోనా?"

అప్పటి నుంచి ప్రతిరోజూ పళ్లెంతోనే పాఠం. నేను బల్లకు ఈ చివర, ఆమె ఆ చివర. నేను ఒక బిస్కెట్టు పెట్టి పళ్లెం జరిపేదాన్ని, ఆమె బిస్కెట్టు తీసుకుని, ఏ పదార్థం ఎలా మారిందో చెప్పి, ఖాళీ పళ్లెం నా వైపు జరిపేది. అంతవరకు బాగానే ఉంది. తర్వాత పాత్రలు మార్చుకునేవాళ్లం, అంటే ఆమె పంపాలి, నేను దింపుకుని ఖాళీది తిరిగి పంపాలి. అక్కడే వచ్చింది చిక్కు. నోటితో "ఇదిగో, ఖాళీ" అని చెబుతూనే, నా చెయ్యి మాత్రం పక్కన డబ్బాలోంచి ఒక వేరుశనగ ఉండో, నాలుగు జీడిపప్పు పలుకులో తీసి అందులో పెట్టేది. నాకు తెలిసేది కాదు. ఆమె మర్యాదగల పిల్ల, ఒక్కసారి కూడా తప్పు పట్టలేదు. ఉండ తిని, "ఎన్.ఎ.డి. తిరిగి వచ్చింది" అనేది. మావారు ఒకరోజు తలుపు దగ్గర నిలబడి చూసి, "పాఠం బాగుందోయ్, పళ్లెమే చెడగొడుతోంది" అన్నారు. నేను వినిపించుకోలేదు.

రాత పరీక్ష ఫర్వాలేదనిపించింది. నోటితో చెప్పే పరీక్ష ఆగస్టు ఆఖరి మంగళవారం. సోమవారం పెద్ద తుఫాను వచ్చింది. ఆ రోజంతా ఆకాశం కూలుతున్నట్టు వాన కురిసింది, రోడ్ల మీద చెట్లు పడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. మంగళవారం పొద్దున ఎర్రజడ గుమ్మంలో నిలబడి, "బస్సు లేకపోతే అంతే మరి" అంది. వాళ్లమ్మ గ్రాండ్ అనబోతోందని నాకు అర్థమైంది. ఆ మాట బయటికి రాకముందే పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. టోపీ పెట్టుకుని బయటికి వెళ్లి, కాసేపటికి పక్కవీధివాళ్ల వ్యాను తీసుకుని వచ్చాడు. తలుపు తెరిచి పట్టుకున్నాడు. నేను కూడా ఎక్కాను. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, మావారి గంబూట్లు వేసుకుని ఉన్నాను. కుక్క మాకంటే ముందే ఎక్కి కూర్చుంది. దారి పొడవునా పొలాల్లో నీళ్లు నిలబడి ఉన్నాయి, గొర్రెలు మిట్టల మీద గుంపుగా నిలుచున్నాయి. కుక్క నా చేతిసంచీని శ్రద్ధగా వాసన చూస్తూ కూర్చుంది. దానికి నేనంటే ఇంత ఇష్టం ఎందుకో అప్పుడు నాకు తెలియదు.

కాలేజీలో పరీక్ష గది ముందు ఒక బల్ల ఉంది. దాని మీద నేనూ పెద్దాయనా కూర్చున్నాం, ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. గది తలుపు గొళ్లెం సరిగ్గా పడదు, గాలి వచ్చినప్పుడల్లా జానెడు తెరుచుకునేది. లోపల ఇద్దరు ఉన్నారు, ఒకరు ఆ కాలేజీ ఆయనే, రెండో ఆయన పరీక్ష కోసం బయటినుంచి వచ్చిన ముసలాయన. ప్రశ్నలన్నీ ముసలాయనే అడుగుతున్నాడు. కోఎంజైమ్ అంటే ఏమిటన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. ఎర్రజడ గడగడా చెప్పింది, ఎంజైమ్, హైడ్రోజన్, ఎక్కడ ఎక్కించుకుంటుంది, ఎక్కడ దింపుతుంది. నేను పెదవులు కదుపుతూ ఆమెతోపాటు చెబుతున్నాను.

"బాగుంది" అన్నాడు ముసలాయన. "మరి దింపాక ఎలా తిరిగి వస్తుంది?"

గాలికి తలుపు ఇంకొంచెం తెరుచుకుంది.

"చిన్నది ఏదో ఒకటి పెట్టుకుని వస్తుందండి" అంది ఎర్రజడ.

నేను కళ్లు మూసుకున్నాను.

"ఏది పెట్టుకుని?"

"ఏదైనా. ఖాళీగా పంపకూడదు కదండీ."

"ఎందుకు పంపకూడదు?"

"మర్యాద కాదు."

లోపల ఎవరో పొలమారినట్టు దగ్గారు. ముసలాయన అడిగాడు. "ఎవరి మర్యాద అమ్మా ఇది? పుస్తకంలో లేదే?"

"మా వెనకింటి డాక్టరుగారి భార్య మర్యాదండి. మా అమ్మది కూడా." ఆ తర్వాత తను ఏం చెప్పిందో తనకే అర్థమైంది. "క్షమించండి. ఒంట్లో అలా ఉండదని నాకు తెలుసు. ఖాళీగానే రావాలి. ఖాళీగా రావడం నేను ఎప్పుడూ చూడలేదండి."

అంతే, అయిపోయిందనుకున్నాను. హోటలు, దుప్పట్లు, మేనత్త, అన్నీ కళ్లముందు కనిపించాయి. పక్కన పెద్దాయన టోపీ అంచును వేళ్లతో నలుపుతున్నాడు. కానీ ముసలాయన మంచివాడో, లేక ఆ పొద్దుటి నుంచి వచ్చినవాళ్లంతా చిలకల్లా పలికి ఆయనకు విసుగొచ్చిందో గాని, "సరే, ఖాళీగా రాదు అనుకుందాం. అప్పుడు ఏమవుతుంది?" అన్నాడు.

"ఇరుక్కుపోతామండి" అంది వెంటనే. ఈసారి పాఠం అప్పజెబుతున్న గొంతు కాదు. "వాళ్లు పంపింది దింపాలి, దింపడానికి మా ఇంట్లో చోటు లేదు. అలమరా నిండా అన్నమే. పళ్లెం నిండుగా ఉంటే కొత్తది ఎలా పెడతారు? రెండు వంటిళ్లూ ఆగిపోతాయి."

"మంచిది. ఇప్పుడు చెప్పు. ఒక మనిషి ప్రాణం పోయేలా పరిగెడుతున్నాడు. కండరానికి ఆక్సిజన్ అందడం లేదు. అంటే దింపుకునే వంటిల్లు మూసి ఉంది. పళ్లేలన్నీ నిండిపోయాయి. అతను ఇంకా పరిగెత్తాలి. ఏం చేస్తాడు?"

"ఎవరికో ఒకరికి పెట్టేస్తాడు" అంది ఎర్రజడ. "పళ్లెం ఖాళీ చెయ్యడం ముఖ్యం, ఎవరు తిన్నారన్నది కాదు. దగ్గర్లో చక్కెర ముక్కలైతే మిగిలే పైరువేట్ ఉంటుంది, దానికి పెట్టేస్తాడు. అది లాక్టేట్ అవుతుంది. పళ్లెం ఖాళీ అవుతుంది, పని మళ్లీ సాగుతుంది."

"ఇది పుస్తకంలో ఉంది. నీకెలా అర్థమైంది?"

"నేను రోజూ చేసేది అదేనండి. డాక్టరుగారి భార్య పంపే పుల్లన్నం మా అమ్మ చూడకుండా మా నాన్న కుక్కకు పెట్టేస్తాను."

నేను పెద్దాయన వైపు తిరగలేదు. గంబూట్ల వైపు చూస్తూ కూర్చున్నాను. గుంటూరు చింతపండు, దాచి దాచి వాడిన ఇంగువ, మా అమ్మ ఎండబెట్టి పంపిన కరివేపాకు, అన్నీ కళ్లముందు తిరిగాయి. చాలాసేపటికి పక్కనుంచి గొంతు వినిపించింది. ఏడు నెలల్లో ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట అది.

"దానికి చాలా ఇష్టం" అన్నాడు పెద్దాయన.

ఇంటికి వెళ్లాక మావారికి చెప్పాను, కొంచెం ఏడుపు గొంతుతోనే. ఆయన నవ్వు ఆపుకోలేక మంచం మీద కూర్చున్నారు. "మరి ఇంటావిడ పంపే ఫ్రూట్ కేకులు నేను ఒక్కణ్నే తింటున్నాననుకున్నావా? మా ఆస్పత్రి పోర్టరుకు ఇస్తున్నా. పాపం, వాడు ఈ మధ్య బాగా ఒళ్లు చేశాడు. మన పైరువేట్ వాడే" అన్నారు. ఆ రాత్రి పళ్లెంలో ఏం పెట్టాలో నాకు తోచలేదు. మర్నాడు మళ్లీ పులిహోరే పెట్టాను. కుక్క కోసం.

పిల్ల పాసైంది. బోర్డు మీద పేరు చూసి వచ్చిన రోజు పెద్దాయన ఆ విషయం కుక్కకు చెప్పడం పెరట్లోంచి విన్నాను. ఇంటావిడ కేకు మీద చక్కెరతో పూలు పెట్టి పంపింది. ఆ వారం ఆ ఇంట్లో గ్రాండ్ అనే మాట వినపడలేదు. తర్వాతి వారం ఆస్పత్రి ల్యాబు నుంచి కబురొచ్చింది. ఈ ఏడు కొత్తవాళ్లను తీసుకోవడం లేదు, పైనుంచి ఆపేశారు, వచ్చే ఏడు కూడా చెప్పలేం అన్నారు. ఎవరి తప్పూ లేదు. పరీక్ష పాసయితే చోటు ఉంటుందన్నది నిజమే, ఆ చోటే లేకుండా పోయింది. ఇంటావిడ పళ్లెం తీసుకుని వచ్చి, "అమ్మాయి వెళ్తోంది. గ్రాండ్. తోడుకు అత్త ఉంది కదా" అంది. నేను పళ్లెం అందుకున్నాను. ఆవిడ చెయ్యి వెంటనే వదల్లేదు. ఇద్దరం ఆ పళ్లేన్ని కాసేపు అలా పట్టుకుని నిలబడ్డాం.

అక్టోబరు మొదటి శనివారం పొద్దున ఎర్రజడ బయలుదేరింది. నేను నా పెళ్లికి వచ్చిన స్టీలు డబ్బాలో, మూత మీద నా పేరు చెక్కి ఉంటుంది, పులిహోర పెట్టి ఇచ్చాను. ఆమె సిగ్గుపడింది. కుక్క సంగతి నేను విన్నానని అప్పటికి ఆమెకు తెలుసు. "పడవలో చాలామంది ఐరిష్‌వాళ్లు ఉంటారు, ఎవరికో ఒకరికి పెట్టెయ్" అన్నాను. నవ్వింది. అప్పుడు నా నోటినుంచి మా అమ్మ వింటే నన్ను ఇంట్లోకి రానివ్వని మాట వచ్చింది.

"డబ్బా ఖాళీగా తీసుకురా. అందులో ఏమీ పెట్టకు. నువ్వు తీసుకురావాలి, అంతే."

"అది మర్యాద కాదు కదా, మిసెస్ డాక్టర్?"

"పరీక్షలో ఏం చెప్పావు? తిరిగి రాకపోతే ఏమవుతుంది?"

ఆ పిల్ల డబ్బాను సంచిలో పెట్టుకుంది. పెద్దాయన సూట్‌కేసు పట్టుకుని ముందు నడిచాడు. కుక్క గేటు దాకా వెళ్లి, బస్సు మలుపు తిరిగాక తిరిగి వచ్చి, మా గుమ్మం ముందు కూర్చుంది. దాని భోజనం టైము దానికి తెలుసు.

ఆమె తిరిగి వచ్చింది, 1993లో, పెద్దాయన పోయినప్పుడు. మేము అప్పటికి గాల్వేలో ఉంటున్నాం, పోర్ట్‌లీష్ వెళ్లి చూశాను. జడ లేదు, జుట్టు చెవుల దాకా కత్తిరించుకుంది. మాట యాస కూడా మారింది. మొదట దుప్పట్లే మార్చిందట, తర్వాత చదువుకుని లండన్‌లో ఒక ల్యాబులో చేరింది. సంచిలోంచి డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. మూత తీశాను. ఖాళీ. తోమి, తుడిచి, అద్దంలా ఉంది. చెప్పిన మాట విన్నది. ఏడేళ్లు ఆ డబ్బా ఖాళీగా తిరిగి రావాలని ఎదురుచూసినదాన్ని, తీరా చూస్తే చేతిలో తూకం లేని ఆ డబ్బా ఎంత బరువనిపించిందో చెప్పలేను. "ఇక ఇది మీ దగ్గరే ఉంచండి" అంది. సరేనన్నాను. అంత్యక్రియలు అయిన మర్నాడు ఆమె మళ్లీ పడవకు బయలుదేరుతుంటే, నేను ఇంటావిడ వంటింట్లో ఆవాలు చిటపటలాడించి, డబ్బా నింపి, ఆమె చేతిలో పెట్టేశాను. చెయ్యి ఆగలేదు.

"లండన్‌లో నాకు కుక్క లేదు, మిసెస్ డాక్టర్" అంది.

"అయితే నువ్వే తినాలి" అన్నాను.

ఆ డబ్బా ఇప్పటికీ అక్కడే ఉంది. పండగకు కార్డు వస్తుంది, ఈసారి తెస్తానని రాస్తుంది, మనవలు పుట్టారని రాసింది. మేము గాల్వే వెళ్లాక కూడా ఇంటావిడా నేనూ అటూ ఇటూ వెళ్లేవాళ్ల చేత నీలం అంచు పళ్లెం పంపుకుంటూనే ఉన్నాం, ఆవిడ పోయినప్పుడు అది నా దగ్గర ఉంది. ఆవిడ ఆఖరిసారి పంపిన టార్ట్ తిని, కడిగి, ఏం పెట్టి పంపాలా అని చూస్తుండగా ఫోన్ వచ్చింది. మావారు అన్నట్టే ఆగింది. ఆ మాట అన్న మనిషి కూడా ఇప్పుడు లేరు, జనవరో ఫిబ్రవరో వాదించడానికి.

ఇప్పుడు నేను నేస్ అనే ఊళ్లో కూతురింట్లో ఉంటాను. పళ్లెం వంటింటి అలమరాలో పై అరలో ఉంటుంది. నిన్న దుమ్ము తుడుద్దామని కిందికి దించాను. కడిగాను, తుడిచాను, పైన పెట్టబోతూ ఎందుకో లోపలికి చూశాను. మధ్యలో చెంచాడు పంచదార ఉంది. ఎప్పుడు వేశానో తెలియదు. ఇవ్వడానికి పెరటికి అవతల ఎవరూ లేరు. ఇరవయ్యేడేళ్ల వయసులో గంబూట్లు వేసుకుని, ఎన్.ఎ.డి. ఖాళీగా తిరిగి రావాలని అంత ఖచ్చితంగా పాఠం చెప్పిన ఒకప్పటి నేను గుర్తొచ్చి, నిలబడే కాసేపు నవ్వుకున్నాను. ఆ పంచదార పారబోయలేదు. టీలో వేసుకున్నాను.